పేస్తుమ్‌లో ఒక రోజు: ముందు గుడులు, తర్వాత సముద్రం

ఇటలీ యాత్ర అనగానే మనవాళ్ళు రోమ్, వెనిస్, పీసా అని రాసుకుంటారు. ఇంకో రోజు మిగిలితే పాంపేయి. అక్కడి నుంచి ఇంకొంచెం దక్షిణానికి, సలెర్నో దాటాక, పేస్తుమ్ అనే చిన్న ఊరు ఉంది. పొలాల మధ్య మూడు గ్రీకు ఆలయాలు, వాటి నుంచి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో కిలోమీటర్ల పొడవున ఇసుక తీరం. ఏథెన్స్‌లోని పేరుమోసిన ఆలయం పార్థెనాన్ కంటే ఈ మూడు ఆలయాలూ పాతవి.

నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి పిల్లలు తొందరపెడితే నేరుగా సముద్రానికి వెళ్ళిపోయి, మధ్యాహ్నం రెండింటికి గుడుల దగ్గరికి వచ్చాం. నెత్తిన ఎండ, ఎక్కడా నీడ లేదు, ఒళ్ళంతా ఉప్పు, ఇసుక. అరగంటలో బయటికి వచ్చేశాం. రెండోసారి వరస మార్చాం. పొద్దున్నే గుడులు, ఎండ ముదిరాక మ్యూజియం, సాయంత్రం సముద్రం. అవే రాళ్ళు, అవే నీళ్ళు, కానీ ఆ రోజు ఇప్పటికీ మా ఇంట్లో అందరికీ గుర్తుంది. అందుకే ఇక్కడ చెప్పేవన్నీ ఆ వరసలోనే చెబుతున్నాను.

వెళ్ళే ముందు తెలుసుకోవలసిన కథ

క్రీ.పూ. 600 ప్రాంతంలో సైబారిస్ అనే గ్రీకు నగరం నుంచి వలస వచ్చినవాళ్ళు ఇక్కడ ఊరు కట్టుకున్నారు. సముద్ర దేవుడైన పోసైడాన్ పేరు మీద దానికి పోసైడోనియా అని పేరు పెట్టారు. అప్పట్లో దక్షిణ ఇటలీ తీరమంతా ఇలాంటి గ్రీకు ఊళ్ళే. సుమారు రెండు వందల ఏళ్ళ తర్వాత లుకానియన్లు అనే స్థానిక జాతి ఊరిని పట్టుకుంది. క్రీ.పూ. 273లో రోమన్లు వచ్చి పేస్తుమ్ అన్నారు.

తర్వాత నెమ్మదిగా నేల చిత్తడిగా మారింది. దోమలు, మలేరియా, సముద్రం మీది నుంచి దాడులు. మిగిలిన జనం కొండ మీది కపాచ్చోకి వెళ్ళిపోయారు. మనుషులు రాని చిత్తడి కాబట్టే రాళ్ళు పీక్కుపోయేవాళ్ళు తక్కువై గుడులు ఇంత నిండుగా మిగిలాయని నాకనిపిస్తుంది. 18వ శతాబ్దంలో ఇటువైపు రోడ్డు వేసినప్పుడు యూరప్ చూపు మళ్ళీ వీటి మీద పడింది. 1998లో చిలెంతో జాతీయ ఉద్యానవనంతో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

ఎప్పుడు వెళ్ళాలి

నీళ్ళలో దిగాలంటే జూన్ మొదటి సగం, లేదా సెప్టెంబర్. నా ఓటు సెప్టెంబర్‌కే. సముద్రం నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది కాబట్టి ఎండ తగ్గినా నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉంటాయి. జులై, ఆగస్టుల్లో ఇటలీ వాళ్ళకి సెలవులు. ముఖ్యంగా ఆగస్టు 15న ఫెర్రగోస్తో పండగ. ఆ వారంలో తీరం మీద కాలు పెట్టే చోటు దొరకదు, గదుల అద్దెలు పెరుగుతాయి. గుడులు మాత్రమే చాలనుకుంటే ఏప్రిల్, మే చాలా హాయిగా ఉంటాయి.

ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలకు ప్రవేశం ఉచితం. డబ్బు మిగులుతుంది, రద్దీ మాత్రం ఉంటుంది. మిగతా రోజుల్లో ఒకే టికెట్ మీద గుడుల ప్రాంగణమూ మ్యూజియమూ చూడవచ్చు. తెరిచే వేళలు కాలాన్ని బట్టి మారుతుంటాయి కాబట్టి ముందురోజు అధికారిక సైట్‌లో చూసుకోండి.

వీసా, ప్రయాణం

ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళకి షెంగెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా, కావాలి. 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు. సర్వీస్ ఛార్జీలు వేరే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయవచ్చు, 15 రోజుల కంటే తక్కువ గడువు ఉంటే కుదరదు. వేసవిలో స్లాట్లు దొరకడం కష్టం. మూడు నెలల ముందే మొదలుపెడితే టెన్షన్ ఉండదు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. జర్మనీ, నెదర్లాండ్స్ లాంటి షెంగెన్ దేశాల్లో రెసిడెన్స్ పర్మిట్ ఉన్న మనవాళ్ళకి ఈ బాధ లేదు. లండన్‌లో ఉంటూ ఇండియా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు మాత్రం వీసా తీసుకోవాల్సిందే.

మకాం సలెర్నోలో పెట్టుకోండి. నేపుల్స్ కంటే నెమ్మదైన ఊరు. పేస్తుమ్‌కి అక్కడి నుంచి లోకల్ రైల్లో అరగంట పైచిలుకు, నేపుల్స్ నుంచి గంటంబావు. రైలు విషయంలో మూడు జాగ్రత్తలు. ఒకటి, పేస్తుమ్ స్టేషన్ చాలా చిన్నది, అక్కడి టికెట్ కౌంటర్ మీద ఆశ పెట్టుకోకండి. రానూ పోనూ టికెట్లు ముందే కొనుక్కోండి. రెండు, కాగితం టికెట్ అయితే రైలెక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గరి మెషీన్‌లో ముద్ర వేయించాలి. ఫోన్ టికెట్ అయితే ఎక్కే ముందు చెక్-ఇన్ నొక్కాలి. ఇది మర్చిపోయి ఫైన్ కట్టే విదేశీయులు చాలామంది. మూడు, రైళ్ళ మధ్య ఎడం ఎక్కువ. వెళ్ళగానే తిరుగు రైళ్ళ వేళలు ఫోటో తీసి పెట్టుకోండి.

పొద్దున: గుడులు

ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా అక్కడ ఉండేలా చూసుకోండి. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా పాత కోటగోడ, అందులో సిరేనా ద్వారం. ఊరి చుట్టూ ఉన్న ఈ గోడ దాదాపు 5 కిలోమీటర్లు. ద్వారం కింద నుంచి తిన్నగా పావుగంట నడిస్తే గుడుల దగ్గరికి చేరతారు. ఆ దారికి రెండు వైపులా పొలాలే. వాటి కింద పాత ఊరిలో చాలా భాగం ఇంకా తవ్వకుండా ఉంది.

దక్షిణం వైపు పక్కపక్కనే రెండు గుడులు, ఉత్తరం వైపు ఎత్తు మీద ఒకటి. నా సలహా ఏమిటంటే దక్షిణపు కొసన ఉన్న అన్నిటికంటే పాత గుడితో మొదలుపెట్టండి. గ్రీకు దేవతల రాణి హేరాకి క్రీ.పూ. 550 ప్రాంతంలో కట్టిన ఆలయం అది. పైకప్పు, త్రికోణపు ముఖభాగం పోవడంతో 18వ శతాబ్దపు పండితులు ఇది గుడి కాదు, సభా భవనమనుకుని బసిలికా అని పిలిచారు. ఆ పేరే బోర్డుల మీద కనిపిస్తుంది. ముందు వరసలో స్తంభాలు లెక్కపెట్టండి, తొమ్మిది ఉంటాయి. బేసి సంఖ్య కాబట్టి సరిగ్గా నడిమధ్యన ద్వారానికి బదులు స్తంభం వస్తుంది. లోపల కూడా మధ్యలో స్తంభాల వరస నడిచి గర్భగుడిని రెండుగా చీలుస్తుంది. చుట్టూ మొత్తం 50 స్తంభాలు. ఒక్కోటీ నడుము దగ్గర ఉబ్బి పైకి వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది. పైన ఉన్న దిమ్మె, బిందె కింద పెట్టుకునే చుట్టకుదురు బరువుకి అణిగినట్టు వెడల్పుగా పరుచుకుని ఉంటుంది. రాయికి బరువు తెలుస్తున్నట్టు చెక్కిన ఆ పనితనం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

పక్కనున్నది దాని కంటే దాదాపు వందేళ్ళు చిన్నది. నెప్ట్యూన్ ఆలయమని పిలుస్తారు, పోసైడాన్‌కి రోమన్లు పెట్టుకున్న పేరు అది. ముందు ఆరు, పక్కన పద్నాలుగు, మొత్తం 36 స్తంభాలు. లోపల ఒకదాని మీద ఒకటి నిలబెట్టిన చిన్న స్తంభాలు కూడా ఇంకా మిగిలి ఉన్నాయి. గ్రీకు ఆలయం నిండుగా ఎలా ఉండేదో తెలియాలంటే ప్రపంచంలో ఇంతకంటే మంచి చోట్లు బహు తక్కువ. రెండింటి మధ్యా నిలబడి ఇటూ అటూ చూడండి. ఆ వందేళ్ళలో శిల్పులు ఏం నేర్చుకున్నారో కళ్ళకు కనిపిస్తుంది. స్తంభాల ఉబ్బు తగ్గింది, కొలత కుదిరింది. లోపలికి వెళ్ళే దారి తెరిచి ఉంటే తప్పకుండా వెళ్ళండి. తాడు కట్టిన చోట మాత్రం దాటకండి, రాళ్ళ మీద ఎక్కకండి. ఇప్పుడు తేనె రంగులో కనిపించే ఈ సున్నపురాయి మీద ఒకప్పుడు సున్నపు గచ్చు, రంగులు ఉండేవి.

మనవాళ్ళు తప్పక గమనించాల్సిన విషయం ఒకటుంది. గుడులన్నీ తూర్పు ముఖంగా ఉన్నాయి. బలిపీఠాలు గుడి లోపల కాదు, ముఖద్వారానికి ఎదురుగా ఆరుబయట ఉన్నాయి. లోపల దేవుడి విగ్రహం ఉండేది, జనం బయట నిలబడేవాళ్ళు. మన గుడి ముందు ధ్వజస్తంభమూ బలిపీఠమూ చూసి పెరిగిన కళ్ళకు ఈ అమరిక వివరించనక్కరలేదు. గుడులు తూర్పు ముఖం కాబట్టి ఫోటో కూడా పొద్దున తూర్పు వైపు నుంచే బాగా వస్తుంది.

అక్కడి నుంచి ఉత్తరానికి పాత రోమన్ వీధి మీద నడుస్తుంటే సగం కోసేసినట్టున్న ఆంఫిథియేటర్, అంటే చుట్టూ మెట్లున్న రోమన్ల ప్రదర్శనశాల, కనిపిస్తుంది. మిగతా సగం రోడ్డు కింద ఉంది. దాని తర్వాత నేలలో సగం మునిగి, రాతి పలకల కప్పుతో ఒక చిన్న గది. చాలామంది చూడకుండా దాటిపోతారు, మీరు ఆగండి. 1954లో దీన్ని తెరిచినప్పుడు లోపల ఎనిమిది కంచు పాత్రలు, వాటిలో జిగురుగా ఏదో పదార్థం దొరికింది. అది తేనె అని అప్పుడే అనుకున్నారు కానీ పరీక్షల్లో రుజువు కాలేదు. 2025లో కొత్త పద్ధతులతో మళ్ళీ పరీక్షించి, తేనెపట్టు ఆనవాళ్ళే అని తేల్చారు. దేవుడికో, ఊరి మూలపురుషుడికో 2,500 ఏళ్ళ కిందట పెట్టిన నైవేద్యం అది. ఆ పాత్రలు మ్యూజియంలో ఉన్నాయి.

చివరగా గ్రీకు దేవత ఎథీనా ఆలయం. క్రీ.పూ. 500 నాటిది, 34 స్తంభాలు. స్తంభాలకు బయట డోరిక్ అనే సాదా పద్ధతి, లోపలి వసారాలో పైన చుట్టలు తిరిగి ఉండే అయోనిక్ పద్ధతి వాడారు. తర్వాతి రోజుల్లో దీన్ని చర్చిగా మార్చారు.

మొత్తం రెండు, రెండున్నర గంటలు పడుతుంది. తలకు టోపీ, మనిషికి లీటరు నీళ్ళు, బూట్లు ఉండాలి. నేల ఎగుడుదిగుడు కాబట్టి చెప్పులు వద్దు. పెద్దవాళ్ళు వెంట ఉంటే మూడూ చూడాలన్న పట్టుదల పెట్టుకోకుండా దక్షిణపు రెండూ చూపించండి.

ఎండవేళ: మ్యూజియం, ఈతగాడు

పదకొండున్నరకి మ్యూజియంలోకి వెళ్ళిపోండి, ఎదురుగానే ఉంటుంది. లోపల చూడవలసినవి చాలా ఉన్నాయి. సేలే నది ముఖద్వారం దగ్గరి హేరా గుడి నుంచి తెచ్చిన రాతి ఫలకాలు, లుకానియన్ల రంగు రంగుల సమాధి చిత్రాలు. కానీ మీరు వచ్చింది ఒక్కదాని కోసం అనుకోండి. ఈతగాడి సమాధి.

1968 జూన్ 3న, ఊరికి దక్షిణంగా కిలోమీటరున్నర దూరంలో పురావస్తు శాస్త్రవేత్త మారియో నాపోలి బృందానికి ఇది దొరికింది. ఐదు సున్నపురాతి పలకలతో పెట్టెలా కట్టిన సమాధి. క్రీ.పూ. 480-470 నాటిది. నాలుగు పక్కలా విందు దృశ్యాలు. మగవాళ్ళు పట్టెమంచాల మీద ఒరిగి మద్యం తాగుతుంటారు, ఒకడు పిల్లనగ్రోవి లాంటి వాద్యం వాయిస్తుంటాడు. ఐదోది మూత పలక. దాని లోపలి వైపు, అంటే చనిపోయిన మనిషి ముఖానికి ఎదురుగా, ఒక యువకుడు ఎత్తైన కట్టడం మీద నుంచి నీళ్ళలోకి దూకుతున్నాడు. చేతులు చాచి, ఒళ్ళు విల్లులా వంచి, ఇంకా గాలిలోనే ఉన్నాడు. కింద కొంచెం నీలం ఆకుపచ్చ నీళ్ళు, పక్కన రెండు సన్నని చెట్లు. అంతే.

ఆ దూకడం బతుకులోంచి చావులోకి అని కొందరు పండితులు, కాదు, నిజంగా ఈ సముద్రంలోకే దూకుతున్న కుర్రాడని మరికొందరు అంటారు. మనకెందుకు తేల్చడం. కానీ ఆ బొమ్మ ముందు కనీసం పది నిమిషాలు నిలబడండి. సముద్రానికి వెళ్ళే ముందే మ్యూజియం చూడమని ఇంతగా చెప్పడానికి కారణం ఇదే. సాయంత్రం నీళ్ళలో దిగేటప్పుడు ఆ కుర్రాడు మీ కళ్ళ ముందు ఉంటాడు.

భోజనం, గేదె పాలు

ఈ మైదానమంతా గేదెలే. మన పల్లెల్లో పాలిచ్చే గేదెల్లాగే ఇవి కూడా నదీజాతి గేదెలు. వాటి పాలతోనే ఇక్కడి పేరున్న మొజ్జరెల్లా చీజ్ చేస్తారు. పొలాల్లోని డెయిరీల్లో పొద్దున పూట చేస్తుండగా చూడవచ్చు, అక్కడే కొనుక్కుని తినవచ్చు. ఫ్రిజ్‌లో పెట్టకుండా, దాని ఉప్పునీటిలో ఉంచి అదే రోజు తింటేనే రుచి.

పూర్తి శాకాహారులకు ఒక మాట. ఇక్కడి అసలు మొజ్జరెల్లా పాలను విరగ్గొట్టడానికి దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ వాడతారు. పట్టింపు ఉన్నవాళ్ళు అది వదిలేసి గేదె పెరుగు తినండి. గడ్డ పెరుగు! వారం రోజులు బ్రెడ్డు, పాస్తా తిన్న నోటికి ఆ చెంచాడు పెరుగు ఎలా ఉంటుందో చెప్పలేను. చీజ్ లేని పిజ్జా కావాలంటే మరినారా అడగండి, టమాటా, వెల్లుల్లి, నూనె మాత్రమే ఉంటాయి. మాంసం వద్దంటే 'సెన్సా కార్నే', చేపలు వద్దంటే 'సెన్సా పేషే' అని చెప్పండి. చిన్న చేపలు కొన్ని సాస్‌ల్లో కలుపుతారు కాబట్టి రెండోది మర్చిపోకూడదు. వంటగదులు చాలాచోట్ల మూడింటికి మూసేసి మళ్ళీ ఏడు దాటాకే తెరుస్తారు.

సాయంత్రం: సముద్రం

మూడున్నర, నాలుగింటికి బయలుదేరండి. పడమటి వైపు మరీనా ద్వారం మీదుగా నడిస్తే గుడుల నుంచి తీరానికి అరగంట. దారి చివర పైన్ చెట్ల తోపు, దాని వెనక ఇసుక. రెండో ప్రపంచ యుద్ధంలో 1943 సెప్టెంబర్ 9న అమెరికన్ సైన్యం దిగింది ఈ తీరం మీదే. తీరాన్ని కాయడానికి కట్టిన పాత బురుజు కూడా అక్కడే ఉంది.

తీరం రెండు రకాలు. లీదో అంటే డబ్బు కట్టే చోటు. గొడుగు, పడక కుర్చీ, స్నానానికి మంచినీళ్ళు, బట్టలు మార్చుకునే గది ఉంటాయి. స్పియాజ్జా లిబెరా అంటే అందరికీ ఉచితం, ఏ సౌకర్యమూ ఉండదు. పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే లీదోనే మంచిది. మధ్యాహ్నం తర్వాత వస్తున్నాం కదా, సగం రోజు రేటు ఉందా అని అడగండి.

ఇక నీళ్ళు. మన తీరానికీ దీనికీ తేడా బాగా తెలుస్తుంది. మధ్యధరా సముద్రం ఇరుకైన జిబ్రాల్టర్ దగ్గర తప్ప మూసుకున్నట్టే ఉంటుంది కాబట్టి పోటు పాట్లు అడుగు, అడుగున్నర మించవు. మన బంగాళాఖాతంలో గోదావరి, కృష్ణ, గంగ లాంటి నదుల మంచినీళ్ళు కలుస్తాయి. ఇక్కడ ఎండకు ఆవిరయ్యేంత నీరు నదుల నుంచి రాదు. అందుకే లీటరుకు 38 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. ఒళ్ళు తేలికగా తేలుతుంది, కళ్ళు మాత్రం మండుతాయి. ఈత కళ్ళజోడు తీసుకెళ్ళండి.

ఒడ్డు నెమ్మదిగా లోతవుతుంది. విశాఖ తీరంలో లాగేసే అలల భయం ఇక్కడ మామూలు రోజుల్లో ఉండదు. అయినా గాలి లేచిన రోజున లోపలికి లాగే ప్రవాహాలు ఇక్కడా పుడతాయి. ఎర్ర జెండా ఎగురుతుంటే దిగకండి. ఈత రానివాళ్ళు నడుము లోతు దాటకండి. పిల్లలకు చేయందేంత దూరంలో ఒకరు ఉండాలి. ఆపదలో 112కి గానీ, తీరరక్షక దళం నంబర్ 1530కి గానీ ఫోన్ చేయాలి. ఇసుకలో కప్పుకుని ఉండే ఒక చిన్న ముళ్ళ చేప కాలికి గుచ్చితే విపరీతమైన మంట పుడుతుంది. ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో కాలు ఉంచితే ఆ విషం పని తగ్గుతుంది. నీటి చెప్పులు వేసుకుంటే అసలు ఈ బాధే ఉండదు.

బట్టల గురించి మన ఆడవాళ్ళు అడుగుతుంటారు. చీర, కాటన్ చుడీదార్ నీళ్ళలో బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటాయి, అది ప్రమాదం. ఈత బట్టతో కుట్టిన పొడుగు చేతుల చొక్కా, లెగ్గింగ్స్ వేసుకుంటే సౌకర్యంగా ఉంటుంది, ఎండ నుంచి కూడా కాపాడుతుంది. అక్కడ ఎవరి బట్టలూ ఎవరూ పట్టించుకోరు. ఇసుక, గులకరాళ్ళు గుర్తుగా తెచ్చుకోకండి, అక్కడి చట్టం ఒప్పుకోదు.

ఆరు దాటాక జనం పలచబడతారు. కాకినాడలోనో, మచిలీపట్నంలోనో పెరిగినవాళ్ళకి సముద్రంలోంచి సూర్యుడు రావడమే తెలుసు. ఇక్కడ తీరం పడమటి ముఖం. సూర్యుడు నీళ్ళలోకి దిగుతాడు. వెనక్కి తిరిగితే కపాచ్చో కొండలు గులాబీ రంగుకు మారుతుంటాయి. జూన్‌లో ఇది ఎనిమిదిన్నరకి, సెప్టెంబర్ మధ్యలో ఏడింటికి. ఈ ఒక్క గంట కోసం మిగతా రోజంతా సర్దుకోవచ్చు.

తీరం నుంచి స్టేషన్‌కి నడక నలభై నిమిషాలు పైనే. టాక్సీలు అడగ్గానే దొరికేవి కావు. రైలుకి గంట ముందే లేవండి. ఆఖరి రైలు కాకుండా దాని ముందుది పట్టుకునేలా చూసుకోండి. సూర్యుడు మునిగాక ఇరవై నిమిషాల పాటు వెలుగు ఉంటుంది. ఆ వెలుగులోనే కాళ్ళు కడుక్కుని, ఇసుక దులుపుకుని, బూట్లు వేసుకుని బయలుదేరండి. పైన్ తోపులో చీకటి తొందరగా పడుతుంది. చీకటి పడగానే దోమలు కూడా వస్తాయి, మందు రాసుకోండి.